నిండు చెరువుతో నా పేచీ

చెప్పు పోగొట్టుకున్న సంగతితో మొదలుపెడతాను, ఎందుకంటే ఆ రోజు నేను చెప్పిన వాటిలో ఇంట్లోవాళ్లు నమ్మింది అదొక్కటే.

మార్చిలో ఒక ఆదివారం, మధ్యాహ్నం మూడు దాటింది. హైదరాబాద్ అంచున ఉన్న హిమాయత్‌సాగర్ జలాశయం పడమటి ఒడ్డున మెళ్లో బైనాక్యులర్స్ వేసుకుని, నెత్తిన తువ్వాలు కప్పుకుని దిగాను. నీళ్లు బాగా వెనక్కి వెళ్లిపోయాయి. ఒడ్డున ఉన్న తుమ్మచెట్లకీ నీళ్లకీ మధ్య రెండు వందల గజాల నేల బయటపడి ఉంది. ముందు ఎండి నెర్రెలు వాసిన నేల, ఆ తర్వాత అడుగేస్తే కాస్త మెత్తగా తగిలే నేల, ఆఖర్న నీళ్లంచున అద్దంలా మెరిసే బురద. ఆ అద్దం అవతల ఏవో చిన్న పిట్టలు పరుగులు పెడుతుంటే ఇంకొంచెం దగ్గరికి పోదామని కాలు పెట్టాను. పిక్క దాకా దిగిపోయింది. తంటాలు పడి లాగితే కాలు వచ్చింది, శాండల్ రాలేదు.

కాస్త దూరంలో గేదెల్ని మేపుకుంటున్న ఒక పెద్దాయన ఇదంతా చూస్తూనే ఉన్నాడు. నవ్వాడో లేదో తువ్వాలు అడ్డం ఉండి తెలీలేదు. ‘గా మెరిసే కాడ అడుగు వెట్టొద్దు సారూ, నెర్రెలు వాసిన కాడనే నడువాలె’ అన్నాడు. ఈ మాట ఒక్క నిమిషం ముందు చెప్పి ఉంటే బాగుండేది. ‘శెప్పు దొరుకుతదా కాకా’ అంటే, చేతికర్రతో ఆ గుంటలో రెండుసార్లు కెలికి చూసి, ‘అది ఇగ వానకాలం దాంక గీడనే’ అన్నాడు. తర్వాత నా బైనాక్యులర్స్ కేసి చూసి ఇంకో మాట కూడా అన్నాడు. ‘నీళ్లు ఎనకకు వోతాంటే పిట్టలు ముందలకొస్తయ్. నిండినప్పుడు వస్తే ఏముంటది, నీళ్లే ఉంటయ్.’

నేను కొన్నేళ్లుగా పిట్టల్ని చూస్తున్నాను, పుస్తకాలు చదివాను, వాట్సాప్ గ్రూపుల్లో వాదించాను. ఈ విషయాన్ని ఇంత సూటిగా చెప్పడం నాకు ఎప్పుడూ చేతకాలేదు.

అసలు మధ్యాహ్నం పూట ఎవరైనా పిట్టల్ని చూడ్డానికి వెళ్తారా అని అడిగేవాళ్లుంటారు. పద్ధతి ప్రకారం తెల్లారి ఆరింటికే అక్కడ ఉండాలట. నా ఉద్యోగం రాత్రి షిఫ్టు, ఆరింటికి నేను క్యాబ్‌లో నోరు తెరుచుకుని నిద్రపోతుంటాను. కాబట్టి ఇది నా సోమరితనానికి వెతుక్కున్న సాకు అనుకున్నా ఫర్వాలేదు గానీ, చెట్ల మీది పిట్టలకి పొద్దున్నే మంచిది తప్ప, చెరువు పిట్టలకి మధ్యాహ్నం దాటాక వెళ్లినా లోటేమీ లేదు. పడమటి ఒడ్డున నిలబడితే ఎండ వీపు మీద పడుతుంది, ఎదురుగా ఉన్న పిట్టల మీద వెలుగు తిన్నగా పడి ఈకల రంగులు విడివిడిగా కనబడతాయి. తూర్పు ఒడ్డు నుంచి అదే సమయానికి చూస్తే అన్నీ నల్లటి బొమ్మలే. ఇది తెలీక నేను మొదటి రెండేళ్లు సగం పిట్టల్ని ‘ఏదో నల్లటిది’ అని రాసుకున్నాను.

ఆ రోజు ఏం చూశానంటే, ముందుగా చారలు చూశాను. పిట్టలు నీళ్లలో ఎక్కడపడితే అక్కడ ఉండవు, లోతుని బట్టి వరసలు కట్టినట్టు ఉంటాయి. పెద్ద నీళ్ల మధ్యలో మునిగి తేలుతూ నీటికాకులు. వాటికి కాస్త ఇవతల, మోకాలి లోతు కూడా ఉండని చోట, తల కిందికి, సూది లాంటి తోక పైకి పెట్టి అడుగున మేస్తున్న పిన్‌టెయిల్ బాతులు. ఇంకా ఇవతల జానెడు లోతులో గులాబీ రంగు కాళ్ల స్టిల్ట్‌లు, చూస్తే ఎవరో అగరుబత్తీల మీద పిట్టల్ని గుచ్చినట్టుంటాయి. రెండంగుళాల నీళ్లలో మచ్చల ఉల్లంకి పిట్టలు. ఇక నీళ్లు అయిపోయి బురద మొదలయ్యే చోట, నా శాండల్‌ని మింగిన ఆ మెరిసే అంచున, లిటిల్ స్టింట్‌లు. పాతిక గ్రాములుంటుంది ఒక్కోటి, ఒక కోడిగుడ్డు బరువులో సగం. గుడ్లు పెట్టేది ఎక్కడో సైబీరియాకి ఉత్తరాన, మంచు సముద్రం దగ్గర. చలికాలం గడపడానికి మన రింగ్ రోడ్డు పక్కకి వస్తుంది. ఇంత దూరం వచ్చింది మన హిమాయత్‌సాగర్ నీళ్ల కోసం కాదు. నీళ్లు దారిపొడుగునా ఉన్నాయి. వచ్చింది ఈ బురద కోసం.

ఆ బురదలో ఏముందో ఒక పిట్ట నాకు చూపించింది. నెర్రెల నేల మీద చతికిలబడి, ఒంటి చెప్పుతో, కదలకుండా ఓ ఇరవై నిమిషాలు కూర్చున్నాక లిటిల్ రింగ్డ్ ప్లవర్ ఒకటి నా ముందు పది అడుగుల దూరంలోకి వచ్చింది. పిచ్చుక కంటే కొంచెం పెద్దది, కంటి చుట్టూ పసుపు గీసినట్టు ఒక వలయం, మెళ్లో నల్లటి పట్టీ. గబగబా నాలుగడుగులు పరిగెత్తి ఆగింది. ఒక కాలు ముందుకి చాపి తడి నేల మీద వణికించడం మొదలుపెట్టింది, కుట్టుమిషన్ సూది ఆడినట్టు, చాలా వేగంగా. ఆ అదురుకి నేల కింది పురుగు కదులుతుంది కాబోలు, చటుక్కున వంగి సన్నటి ఎర్రటి దారం లాంటిదాన్ని లాగి మింగేసింది. మళ్లీ నాలుగడుగులు, మళ్లీ కాలు వణికించడం. గేదె గిట్ట దిగిన గుంట ఒకటి నీళ్లతో నిండి ఉంటే దాని అంచున మాత్రం చాలాసేపు ఆగింది. ఆ ఎర్ర దారాలు కుట్టని జాతి దోమల పిల్లలు, అక్వేరియం షాపుల్లో చేపల కోసం అమ్మేవి కూడా ఇవే. గేదెల పేడ, కుళ్లిన నాచు, వానకి కొట్టుకొచ్చిన ఒండ్రు, వీటి మీదే బతుకుతాయి. నేను ముక్కు మూసుకున్న ఆ వాసనే వాటికి వంటిల్లు.

మధ్యలో ఒక మాట. ఆ రోజు జక్కవల జంట, అంటే చక్రవాకాలు, కూడా ఉంది, నారింజ రంగు ఒళ్లు, లేత రంగు తల, ఎండకి వెలిగిపోతూ. మన కవులు చక్రవాకాలని రాత్రయితే చాలు చెరో ఒడ్డునా కూర్చోబెట్టి తెల్లవార్లూ ఏడిపించారు గదా, ఇవేమో పట్టపగలు ఒకదాని పక్కన ఒకటి ఒంటికాలి మీద నిలబడి, ముక్కు వీపులో దూర్చుకుని హాయిగా కునుకు తీస్తున్నాయి. విరహం లేదు, ఏమీ లేదు. పదేళ్ల కింద ఇంటర్ తెలుగు పాఠం చెప్పిన మాస్టారికి ఫోన్ చేద్దామనిపించింది.

సరే, పేచీ దగ్గరికి వస్తాను.

మన పేపర్లకి, టీవీలకి చెరువంటే ఒకటే వార్త. ‘నిండుకుండను తలపిస్తున్న జలాశయం.’ ఈ నిండుకుండ అన్న మాట లేకుండా జులై, ఆగస్టు గడవవు. గేట్లెత్తితే జనం సెల్ఫీలకి వెళ్తారు, మంత్రులు పూలు చల్లుతారు. నేనూ సంతోషిస్తాను, అబద్ధం ఎందుకు. ఈ ఊరికి నీళ్ల విలువ మామూలుగా తెలిసి రాలేదు. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలమందిని పొట్టన పెట్టుకున్నాకే, మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాతో, మూసీ మీద ఉస్మాన్‌సాగర్ 1920లో, ఈసీ మీద ఈ హిమాయత్‌సాగర్ 1927లో కట్టారు. రెండూ వరద పట్టడానికీ, తాగునీటికీ కట్టినవి తప్ప, నా లాంటివాడు వచ్చి సైబీరియా పిట్టల్ని లెక్కపెట్టుకోడానికి కట్టినవి కావు. ఇది మర్చిపోయి మాట్లాడే పిట్టల ప్రేమికులతో నాకూ పడదు.

కానీ నిండినప్పుడే చెరువు బాగున్నట్టు, తగ్గితే పాడైపోయినట్టు అనుకోవడం మాత్రం తప్పు. జలాశయం ఊపిరి పీల్చి వదిలినట్టు ఏడాదికోసారి నిండి, ఏడాదికోసారి తగ్గాలి. తగ్గినప్పుడు బయటపడే ఆ నేలే దాని సగం బతుకు. తడి ఆరే నేల మీద గడ్డి మొలుస్తుంది, గేదెలు మేస్తాయి, పేడ వేస్తాయి. వానొచ్చి నీళ్లు కమ్మితే ఆ గడ్డీ పేడా కుళ్లి పురుగులకి తిండి అవుతాయి, పురుగులు చేపపిల్లలకి. చలికాలం నుంచి నీళ్లు మెల్లగా వెనక్కి జరుగుతుంటే, రోజూ అడుగో రెండడుగులో కొత్త బురద తెరుచుకుంటుంది, సరిగ్గా వలస పిట్టలు ఇక్కడ ఉండే నెలల్లోనే. తిరుగు ప్రయాణానికి కొవ్వు పట్టించుకోవాల్సింది కూడా అప్పుడే. నీళ్లు ఒకే మట్టంలో ఏడాది పొడుగునా నిలబెడితే ఈ చక్రం ఆగిపోతుంది, ఫోటోలో మాత్రం బాగుంటుంది.

ఈ బయటపడే నేలకి తెలంగాణలో మంచి మాట ఉంది, శిఖం. పట్నం వచ్చాక ఆ మాట పోయింది, ఎఫ్‌టీఎల్ (చెరువు నిండితే నీళ్లు చేరే హద్దు), బఫర్ జోన్ (ఆ హద్దు బయట ఏమీ కట్టకుండా వదలాల్సిన నేల) వచ్చాయి. 2012 నాటి 168 నంబరు జీవో ప్రకారం పది హెక్టార్లు దాటిన చెరువుకి ఎఫ్‌టీఎల్ గీత నుంచి 30 మీటర్లు, అంతకన్నా చిన్నదానికి 9 మీటర్లు వదలాలి. మంచిదే. కానీ ఈ గీతల భాషతో ఒక చిక్కుంది. నీళ్లున్నప్పుడు శిఖాన్ని ఎవరూ ముట్టుకోరు. రెండు మూడేళ్లు వానల్లేక నేల బయటపడితే చాలు, ‘ఇక్కడ నీళ్లెక్కడున్నాయండీ’ అన్న ప్రశ్న మొదలవుతుంది. ఆ ప్రశ్న వెనక రాళ్లు, రాళ్ల వెనక లే అవుట్లు. ఈ జంట జలాశయాల చుట్టూ పది కిలోమీటర్ల దాకా కట్టడాలకి హద్దులు పెట్టిన 111 జీవో 1996లో వచ్చింది, 84 ఊళ్లకి. 2022లో 69 నంబరు జీవోతో ఆ ఆంక్షల్ని ఎత్తేస్తున్నట్టు ప్రకటించారు. ఊళ్లవాళ్ల ఇబ్బంది నిజమే, పక్క ఊళ్లో ఎకరం కోట్లు పలుకుతుంటే తమ పొలం మీద ఏమీ కట్టుకోలేని రైతుకి నేను పిట్టల కథలు చెప్పలేను. కానీ నీళ్లు లేని నేలని ఖాళీ నేల అనుకోవడం ఆ చర్చలో అందరూ చేసిన పనే, అటువైపు వాళ్లూ ఇటువైపు వాళ్లూ.

కబ్జా అయితే కనీసం తిట్టుకోవచ్చు. సుందరీకరణ అలా కాదు, చప్పట్లు కొట్టించుకుంటూ వస్తుంది.

మా అపార్ట్‌మెంట్‌కి కిలోమీటరు దూరంలో ఒక చిన్న చెరువు ఉండేది. ఉండేది ఏమిటి, ఇప్పుడూ ఉంది, ఇదివరకటి కంటే అందంగా ఉంది. ఒకవైపు పాత కట్ట, మిగతా మూడు వైపులా మెల్లగా పల్లమయ్యే నేల, తుంగ, జమ్ము, మురుగు వాసన, అక్కడక్కడా ప్లాస్టిక్. నా నోటుబుక్కులో ఆ చెరువుకి చలికాలం ఒక్కో సాయంత్రానికి ఒక పేజీ పట్టేది. తర్వాత పనులు మొదలయ్యాయి. చుట్టూతా రింగ్ బండ్ వేశారు, లోపలివైపు నిటారుగా రాళ్లు పేర్చారు, దాని మీద వాకింగ్ ట్రాక్, రంగు లైట్లు, మధ్యలో ఫౌంటెన్, ఊరి పేరుకి ముందు ఎర్రటి గుండె బొమ్మ పెట్టిన బోర్డు. తుంగ పీకేశారు. పూడిక తీసి లోతు పెంచారు. ప్రారంభం రోజు నేను కూడా వెళ్లి మిర్చి బజ్జీ తిని వచ్చాను. ఆ చలికాలం నా నోటుబుక్కులో పేజీకి నాలుగు లైన్లు మిగిలాయి. నీటికాకి, బొల్లికోడి, తెల్లకొంగ, గద్ద. ఎవరూ ఒక్క పిట్టని చంపలేదు, ఒక్క చెట్టు కొట్టలేదు. అంచుని తీసేశారు, అంతే. నేల మెల్లగా నీళ్లలోకి దిగే చోట రాతిగోడ నిటారుగా దిగింది. ఇందాక చెప్పిన లోతుల వరసలు గుర్తున్నాయి కదా, జానెడు, రెండంగుళాలు, ఉట్టి తడి. ఆ వరసలన్నీ ఒక్క గోడలోకి ముడుచుకుపోయాయి. మునిగి వేటాడే నీటికాకికి ఇబ్బంది లేదు, నిలబడి తినేవాటికి నిలబడే చోటే లేదు.

చెరువు మన వాళ్లకి కొత్తదా అంటే కాదు, అందుకే ఇంకా ఒళ్లు మండుతుంది. 1213 ప్రాంతంలో గణపతిదేవుడి కాలంలో కట్టిన పాకాల చూడండి, ఇంకా పనిచేస్తోంది. కాకతీయుల చెరువుల పద్ధతే అది, నేల వాలు చూసి గుట్టకీ గుట్టకీ మధ్య ఒకవైపు కట్ట వేస్తారు, మిగతా వైపులు నేల ఇష్టానికి వదిలేస్తారు. కట్ట మనిషిది, తూములు మనిషివి, అలుగు మనిషిది, ఎగువ మాత్రం నీళ్లది. నాలుగు వైపులా కట్టేస్తే అది చెరువు కాదు, పెద్ద సంపు. పైగా రింగ్ బండ్ వేశాక వాన నీళ్లు లోపలికి రావడానికి పైపులు పెట్టాలి, ఆ పైపులు పూడుకుపోతాయి, కాలనీలు మునుగుతాయి, అప్పుడు మళ్లీ పేపర్లో చెరువే దోషి. 2015లో మొదలైన చెరువుల మరమ్మతు పథకం మిషన్ కాకతీయ పూడిక తీసి పొలాలకి తోలుకోనివ్వడం రైతులకి మేలే చేసింది, దాని మీద నాకు ఫిర్యాదు లేదు, జేసీబీ ఎక్కడ దొరికితే అక్కడ నిటారు గుంటలు తవ్వి వదిలేసిన చోట్ల తప్ప. ఆ గుంటల్లో పిట్టలకంటే ముందు పిల్లలు పడతారు.

నా భార్య ఈ వాదనంతా విని అడిగింది, మరి సాయంత్రం పూట ఆడవాళ్లు నడవడానికి లైట్లున్న చోటు ఇంకెక్కడుంది ఈ ఊళ్లో అని. దీనికి నా దగ్గర గట్టి జవాబు లేదు. ఆమె ఆ ట్రాక్ మీదే రోజూ నాలుగు రౌండ్లు వేస్తుంది, అంతకుముందు నడక అంటే సెల్లార్‌లో కార్ల మధ్య తిరగడమే. బతుకమ్మకి మెట్లుండాలి, వినాయకుడికి వేరే గుంట ఉండాలి, ముసలివాళ్లు కూర్చోడానికి బెంచీలుండాలి. నేను అడిగేది ఒక్కటే, ఇవన్నీ కట్ట వైపు పెట్టండి. కట్ట ఎలాగూ మనిషి కట్టిందే, దాని మీద ఎన్ని లైట్లు పెట్టినా ఫర్వాలేదు. ఎగువ వైపు, నీళ్లు వచ్చే వైపు, బురదని బురదలా వదిలేయండి. ట్రాక్ గుండ్రంగా తిరిగి రాదు, వెళ్లిన దారినే వెనక్కి రావాలి, రౌండ్లు లెక్కపెట్టుకునేవాళ్లకి కష్టం. అంతకుమించి నష్టమేంటో నాకు అర్థం కాదు. ఊరిచివర టికెట్ పెట్టి వలల కింద విదేశీ చిలకల్ని చూపించే పార్కులకి వెచ్చించే దాంట్లో పిసరంత కూడా దీనికి అవసరం లేదు, ఎందుకంటే దీనికి చేయాల్సింది ఏమీ చేయకపోవడమే. మన దగ్గర ఏమీ చేయకపోవడానికి టెండర్ పిలవడం కుదరదు, అదే అసలు ఇబ్బంది అనుకుంటా.

పక్షి శాస్త్రవేత్త సలీం అలీ 1931-32లో నిజాం రాజ్యమంతా తిరిగి పిట్టల సర్వే చేశాడు. 1987 నుంచి ఆసియా అంతటా ప్రతి జనవరిలో నీటి పక్షుల లెక్కింపు జరుగుతోంది, మన చెరువుల మీదా వాలంటీర్లు చలిలో నిలబడి లెక్కపెడతారు. అంటే లెక్కలు చెప్పేవాళ్లు లేక కాదు. చెరువు బాగోగులు ఎన్ని అడుగుల నీళ్లున్నాయన్న ఒక్క అంకెతో చూసినంత కాలం ఆ లెక్కలు వేరే ఫైల్లో ఉంటాయి.

మా పిట్టల ప్రేమికుల గురించి కూడా చెప్పాలి, లేకపోతే అన్యాయం. ఆ సాయంత్రం ఐదింటికి ఒక జీపు నేరుగా శిఖంలోకి దిగింది. రీల్స్ పిల్లలు అనుకున్నాను, కాదు, మూరెడు లెన్సులతో ముగ్గురు ఫోటోగ్రాఫర్లు. ఎవరో గ్రూపులో బార్ హెడెడ్ గూస్ అనే వలస పెద్దబాతు ఇంకా వెళ్లలేదని పెట్టారట, వాళ్లకి అది కావాలి. బండి నెర్రెల నేల మీద ఒక చుట్టు తిరిగి నీళ్ల దగ్గర ఆగింది. ఆ నెర్రెల నేల మీద, ఇసుక కలిసిన చోట, స్మాల్ ప్రాటింకోల్ అనే పిట్ట గుడ్లు పెడుతుంది, గూడు అంటూ కట్టదు, చిన్న పల్లం చేసుకుని రెండో మూడో గుడ్లు, మట్టిరంగువి, మచ్చలతో. పక్కనే నిలబడినా కనబడవు. తీతువు కూడా అంతే, మార్చి నుంచి గులకరాళ్ల మధ్య నాలుగు గుడ్లు పెట్టి, ఎవరొచ్చినా ‘తిత్తీరితీ’ అని గోల పెడుతుంది. ఆ అరుపు అపశకునం అని మా అమ్మమ్మ చెవులు మూసుకునేది. జీపు కింద ఏమైనా పడ్డాయో లేదో నాకు తెలీదు, పడితే మాత్రం శకునం తీతువుకే బాగాలేదు. వెళ్లి చెప్పాను. ఒకతను మర్యాదగానే విని, ‘బ్రో, మీరూ నడిచే వచ్చారు కదా, మీ కాళ్ల కింద చూసుకున్నారా’ అన్నాడు. చూసుకోలేదు. ఒంటి చెప్పు మనిషి నీతులు చెబితే ఎవరు మాత్రం ఎంతసేపు వింటారు.

ఆరు దాటాక ఎండ ఎర్రబడింది. గాలి పడిపోయింది. ఎక్కడినుంచి లేచాయో ప్రాటింకోల్స్ గుంపు నీళ్ల మీదికి లేచింది, వంద దాకా ఉంటాయేమో, దూరానికి పిచ్చుకల్లా, కాదు, గబ్బిలాల్లా, కాదు, రెండూ కలిపినట్టు. నీళ్ల మీద లేచిన దోమల్ని గాల్లోనే పట్టుకుంటూ మలుపు తిరిగినప్పుడల్లా రెక్కల కింద తెలుపు ఒక్కసారిగా మెరిసి ఆరిపోతోంది. వెనకాల రింగ్ రోడ్డు మీద లారీలు. మార్ష్ హారియర్ అనే వేట పిట్ట ఒకటి జమ్ము మీదుగా తక్కువ ఎత్తులో వెళ్లింది, బురద అంచున ఉన్నవన్నీ ఒక్క ఉదుటున లేచి, అది పోగానే మళ్లీ అదే అంచుకి దిగాయి, వరస తప్పకుండా, ఎవరి లోతులో వాళ్లు.

పెద్దాయన గేదెల్ని మళ్లేశాడు. నేను రెండో శాండల్ కూడా విప్పి చేత్తో పట్టుకుని ఆయన చెప్పినట్టే నెర్రెలు చూసుకుంటూ, ఈసారి కాళ్ల కింద కూడా చూసుకుంటూ ఒడ్డుకి వచ్చాను. ‘మల్ల ఎప్పుడొస్తవ్ సారూ’ అని అడిగాడు. ఏప్రిల్లో వస్తానన్నాను. ‘అప్పటికి నీళ్లు గా రాయి దాంక వోతయ్, గీడ నిలవడకు, గాడికి రా’ అని, ఇంకా నీళ్లలోనే ఉన్న ఒక బండరాయిని కర్రతో చూపించాడు.